డాకర్‌లో మాయమైన టూల్‌బార్

ప్రశ్న: జాంగో ప్రాజెక్టును డాకర్‌లోకి మార్చాక డీబగ్ టూల్‌బార్ కనిపించడం లేదు. ఎర్రరూ రావట్లేదు. తిరిగి ఎలా తెచ్చుకోవాలి?

జవాబు: ఎర్రర్ రాకపోవడంలో వింత లేదు. సెట్టింగ్స్‌లో డీబగ్ ఆన్‌లో ఉండి, రిక్వెస్ట్ వచ్చిన అడ్రస్ ఇంటర్నల్ ఐపీల జాబితాలో ఉంటేనే ఈ టూల్‌బార్ కనిపిస్తుంది, లేకపోతే నోరు మెదపదు. మీ జాబితాలో 127.0.0.1 ఉండి ఉంటుంది. డాకర్‌లో మాత్రం రిక్వెస్ట్ సాధారణంగా గేట్‌వే నుంచి, అంటే 172.18.0.1 లాంటి అడ్రస్ నుంచి వస్తుంది. ఏదైనా వ్యూలో రిమోట్ అడ్రస్‌ను ప్రింట్ చేయించండి, తేలిపోతుంది. అయితే ఆ అంకెను జాబితాలో రాసి వదిలేయకండి. నెట్‌వర్క్‌ను మళ్లీ సృష్టిస్తే అది మారొచ్చు. టూల్‌బార్ కొత్త వెర్షన్లలో డాకర్ కోసమే ఒక కాల్‌బ్యాక్ ఇచ్చారు, దాన్ని వాడండి.

అప్పటికీ రాకపోతే పేజీ సోర్స్ తెరిచి, చివర బాడీ ముగింపు ట్యాగ్ ఉందో లేదో చూడండి. టూల్‌బార్ దాని ముందే వచ్చి చేరుతుంది. జేసన్ జవాబుల్లో ఆ ట్యాగే ఉండదు కాబట్టి వాటిని హిస్టరీ ప్యానెల్‌లో చూసుకోవాలి.

కాల్‌బ్యాక్ ఎప్పుడూ ట్రూ ఇచ్చేలా రాయమని కొందరు సలహా ఇస్తారు. వినకండి. ఆ కోడ్ పొరపాటున లైవ్ సర్వర్‌కి వెళ్తే, మీ ఎస్‌క్యూఎల్ క్వెరీలు దారిన పోయేవాళ్లకీ కనిపిస్తాయి.