భరతుని లేడిపిల్ల – దయయా? బంధమా?

శ్రీమద్భాగవత పంచమస్కంధమున 8వ అధ్యాయము భరతుని హరిణోపాఖ్యానము. తెలుగు భాగవతమున ఈ స్కంధమును గంగన రచించెను. ఇంటింట వినబడు కథయే యైనను, ఇందలి కవిహృదయము నిదానముగ పరిశీలింపదగినది.

ఋషభదేవుని కుమారుడైన భరతుడు రాజ్యమును పుత్రులకు పంచియిచ్చి, సాలగ్రామములకు నెలవైన గండకీతీరమున పులహాశ్రమమును చేరెను. ఒకనాడు నదీతీరమున ప్రణవజపము చేయుచుండ, నిండుచూలాలైన లేడి నీరు త్రాగ వచ్చెను. అంతలో సింహగర్జన వినవచ్చెను. బెదరి దుమికిన లేడి గర్భము జారి, పిల్ల ప్రవాహమున పడెను. తల్లి యొక గుహలో ప్రాణములు విడిచెను. భరతుడు ఆ పిల్లను పైకి తీసి ఆశ్రమమునకు కొనివచ్చెను.

ఇంతవరకు కవి ఆయనను నిందింపలేదు. ఏటిలో కొట్టుకొనిపోవు ప్రాణిని కాపాడుట ధర్మమే. పతనము అటుపిమ్మట, అడుగు తెలియకుండ వచ్చినది. యమనియమములు, భగవత్పరిచర్య ఒక్కదినమున పోలేదు. కొలది దినములలో ఒక్కటొక్కటిగ జారిపోయినవి. సమిధలకు, దర్భలకు పోవునప్పుడు తోడేళ్ల భయమున పిల్లను వెంట గొనిపోవును. దారిలో భుజముపై మోయును. నిత్యకర్మ నడుమ లేచి, అది క్షేమముగ నున్నదా యని చూచివచ్చును. కనబడనినాడు చంద్రునిలోని మచ్చను చూచి, తన లేడినే చంద్రుడు కాపాడుచున్నాడని భ్రమించును.

భరతుడు తన మమతకు చెప్పుకొన్న సమాధానమే ఇందు కీలకము. ఇది నన్ను శరణు జొచ్చినది, నాకంటె దీనికి వేరు దిక్కు లేదు, శరణాగతుని ఉపేక్షింపరాదు అని ఆయన తలంపు. మాటలు శరణాగతిధర్మమువే. కాని శరణ్యుని స్థానమున తానే కూర్చుండెను. సింహపు నోటికి చిక్కక, నీట మునుగక ఆ పిల్ల నిలుచుటకు మూలమైన ప్రభువును మరచెను. దయ దోషము కాదు. “నేనే దిక్కు” అను భావమే బంధమైనది.

అంత్యకాలమున లేడినే తలచి లేడియై పుట్టెను. ఐనను చేసిన ఆరాధన వ్యర్థము కాలేదు, పూర్వస్మృతి నిలిచెను. ఆ లేడి తల్లిని విడిచి, కాలంజరగిరినుండి పులహాశ్రమమునకే తిరిగివచ్చి, ఎండుటాకులు మేయుచు, ఒంటిగ నుండి, పుణ్యతీర్థ జలమున దేహము విడిచెను. ఒకనాడు లేడిని గట్టెక్కించిన నదియే, లేడియైన తనకును గట్టైనది.

గృహస్థులమైన మనకు బిడ్డలును, పశువులును కలవు. వారిని విడువుమని ఈ కథ చెప్పదు. మన చేతులలో నున్నవారును ఆ శ్రీహరి రక్షణలోనివారే యని తలచి, పూజవేళ పూజను, పోషణవేళ పోషణను సాగించుటయే దీని ఉపదేశము.