అష్టాచెమ్మాకు ఏ పిక్కలు మంచివి?

గవ్వలు లేకున్నా ఇంట్లో అష్టాచెమ్మా ఆడుకోవచ్చు. ఒకే సైజు చింతపిక్కలు 4 తీసుకుని, గరుకు రాతి మీద ఒక వైపు తెల్లబడేదాకా మీ పిల్లలతో అరగదీయించండి. నాలుగూ తెలుపు పడితే చెమ్మా (4), నాలుగూ నలుపు పడితే అష్టా (8).

ఒక్కో పిక్కను 50 సార్లు వేయించి లెక్క రాయించండి. తెలుపు 25కి దగ్గరగా పడితే పిక్క మంచిదే. మరీ తేడా వస్తే మార్చండి. మంచి పిక్కలు నాలుగూ కలిపి వేస్తే 16 రకాలుగా పడొచ్చు. అందులో అష్టా ఒక్కటే. సంభావ్యత పాఠం ఇదే!

పావులకు పగిలిన గాజుముక్కలు వద్దు, చేతులు కోసుకుంటాయి. మన కోనసీమ కొబ్బరి చిప్ప ముక్కలు వంపు తిరిగి ఉంటాయి, గడిలో కుదురుగా నిలవవు. చదునైన పెద్ద గుండీలు మేలు, ఒక్కొక్కరికి ఒక రంగువి 4.

ఇంట్లో మూడేళ్లలోపు పిల్లలుంటే, ఆట కాగానే అన్నీ డబ్బాలో పెట్టి మూయండి. పిక్కలు, గుండీలు గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది.