ఆరు రోజుల ఏడాది

రాత్రి మంచం మీద పడుకుని ఆకాశం చూస్తే ఎన్నెన్ని చుక్కలో! వాటిలో చాలా వరకు మన సూర్యుని వంటివే. దూరంగా ఉన్నాయి కాబట్టి చిన్నగా కనిపిస్తాయి. నిద్ర పట్టేలోపు ఒక దూరపు లోకం చూసి వద్దాం, రండి.

కుంభరాశి వైపు ఒక చిన్న ఎర్ర నక్షత్రం ఉంది. పేరు ట్రాపిస్ట్-1. అది మామూలు కంటికి కనిపించదు. సూర్యుని వెలుతురు మనల్ని చేరడానికి 8 నిమిషాలు పడుతుంది. ఆ నక్షత్రం వెలుతురు రావడానికి సుమారు 40 ఏళ్ళు పడుతుంది. అంత దూరం! దాని చుట్టూ 7 గ్రహాలు తిరుగుతున్నాయని 2017లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. వాటిలో నాలుగోది ట్రాపిస్ట్-1ఇ.

అక్కడ ఎలా ఉంటుంది?

ఆ గ్రహం మన భూమి కంటే కొంచెం చిన్నది. ఇక్కడి 10 కిలోల బియ్యం మూట అక్కడ 8 కిలోల మూటలా తేలిగ్గా ఉంటుంది. అది తన సూర్యుని చుట్టూ 6 రోజుల్లో తిరిగి వస్తుంది. అంటే 6 రోజులకే ఏడాది! మనకు ఒక ఏడాది గడిస్తే అక్కడ 60 ఏళ్ళు గడుస్తాయి.

ఏ పున్నమికి చూసినా చందమామలో అదే కుందేలు కనిపిస్తుంది. చందమామ ఎప్పుడూ ఒకే ముఖం మనవైపు ఉంచుతుంది కదా! ఈ గ్రహం కూడా తన సూర్యునికి ఒకే ముఖం చూపుతుందని శాస్త్రజ్ఞుల అంచనా. అదే నిజమైతే ఒక పక్క ఎప్పుడూ పగలే. రెండో పక్క ఎప్పుడూ రాత్రే. నడుమ ఎప్పుడూ పొద్దుగూకే వేళే. ఎర్రని సూర్యుడు నేల అంచున ఆగి ఉంటాడు. పైకి రాడు, కిందికి దిగడు. కోడి కూసే వేళంటూ ఉండదు. పక్క గ్రహం దగ్గరికి వచ్చినప్పుడు మన చందమామంత కనిపిస్తుంది.

వెళ్ళకుండా ఎలా తెలిసింది?

దీపం ముందు నుంచి పురుగు ఎగిరితే ఏమవుతుంది? వెలుతురు కాస్త తగ్గుతుంది. ఏదో అడ్డం వచ్చిందని మనకు తెలుస్తుంది. ఈ గ్రహం కూడా తన నక్షత్రానికి అడ్డం వస్తుంది. అప్పుడు వెలుతురు సుమారు 200 వంతుల్లో ఒక వంతు తగ్గుతుంది. దాన్ని టెలిస్కోపులతో కొలిచారు. ఎన్ని రోజులకు ఒకసారి తగ్గుతుందో చూసి ఏడాది లెక్క కట్టారు. ఎంత తగ్గిందో చూసి గ్రహం ఎంత పెద్దదో లెక్క కట్టారు.

మరి అక్కడ గాలి ఉందా? నీరు ఉందా? ఇంకా తేలలేదు. 2021లో అంతరిక్షంలోకి పంపిన జేమ్స్ వెబ్ టెలిస్కోపుతోనూ పరిశీలించారు. మళ్ళీ మళ్ళీ చూసి, కొలిచాకే శాస్త్రజ్ఞులు ఒక మాట అంటారు. అందాకా "తెలియదు" అనే చెబుతారు.

చెప్పండి, చేయండి

1. ఆ నక్షత్రం వెలుతురు మనల్ని చేరడానికి ఎన్నేళ్ళు పడుతుంది?
2. గ్రహం అడ్డం వస్తే నక్షత్రం వెలుతురు ఏమవుతుంది?
3. మీ వయసును 60తో గుణించండి. అక్కడి లెక్కలో మీ వయసు ఎంత?
4. వచ్చే పున్నమికి చందమామలో కుందేలును చూడండి. పిల్లలకూ చూపించండి.