మాయాశశిరేఖ నృత్యము: హాస్యనిర్మాణము, బోధనోపయోగము

‘మాయాబజార్’ చిత్రము 1957 మార్చి 27వ తేదీన విడుదలయ్యెను. విజయా సంస్థ పక్షమున నాగిరెడ్డి, చక్రపాణులు దీనిని నిర్మింపగా కె. వి. రెడ్డి దర్శకత్వము వహించెను. పౌరాణికమని పేరు పొందినను, కథాబీజమును విడదీసి చూచినచో ఇది యువజనుల వినోదగాథ. చిన్ననాడే ఒకరికొకరని పెద్దలనుకొన్న శశిరేఖాభిమన్యులు ఈడు వచ్చునప్పటికి పాండవులు రాజ్యమును కోలుపోయిరి. సిరి తొలగగానే కన్య తల్లిదండ్రులు మాట మార్చి, ఆమెను దుర్యోధనుని కుమారుడైన లక్ష్మణకుమారునకు ఈయ నిశ్చయించిరి. పిల్లల వలపునకును పెద్దల లెక్కలకును నడుమ పుట్టిన ఈ చిక్కును విప్పునది మాయ. ఆ మాయకు నృత్యము ముఖ్యసాధనము. వ్యాసభారతమున లేని ఈ కథ శశిరేఖాపరిణయమను పేర జనుల నోటను, నాటకరంగముపైనను వ్యాపించి, 1936లోనే ఒకసారి తెలుగు తెర కెక్కెను.

ఈ నృత్యఘట్టమును నేడు మరల పరిశీలించుటకు ఒక బోధనావసరము కలదు. సోవియట్ దేశముతో 1955లో కుదిరిన ఒడంబడిక ఫలితముగా వెలసిన భిలాయి ఉక్కు కర్మాగారమున 1959లో మొదటి కొలిమి వెలిగెను. ఆ పట్టణమునందలి ఖుర్సీపార్ తెలుగు కుటుంబములు హెచ్చుగా గల ప్రాంతము. ఇట్టి చోట్ల తెలుగు ఇంటిలో వినబడుచున్నను, బడిచదువు సామాన్యముగా హిందీలో సాగును. తెలుగును చెవితో ఎఱిగి కంటితో ఎఱుగని విద్యార్థులకు ఏ పాఠముతో ఆరంభింపవలెను? చలనచిత్రమును పాఠముగా గైకొన్నచో దాని హాస్యమున మాట తెలియకయే అందునది యెంత? మాట తెలిసిననే గాని అందనిది యెంత? ఈ ప్రశ్నలకు మాయాశశిరేఖ నృత్యము చక్కని ఉదాహరణము.

శశిరేఖను రహస్యముగా తన ఆశ్రమమునకు చేర్చిన ఘటోత్కచుడు, ఆమె రూపము దాల్చి పెండ్లికూతురై నిలుచును. ఘటోత్కచుడుగా ఎస్. వి. రంగారావును, శశిరేఖగా సావిత్రియు నటించిరి. రూపము మారిన పిమ్మట ఇరువురి భారమును సావిత్రియే వహింపవలసివచ్చెను. నటి స్త్రీ, పాత్ర పురుషుడు, ఆ పురుషుడు చూపుచున్నది మరల స్త్రీరూపము. ఈ మూడు పొరల నడుమనున్న ఒరపిడియే హాస్యమునకు మూలము.

భరతుడు పాత్రధారణమున మూడు తెఱగులను చెప్పెను. స్త్రీ స్త్రీపాత్రను, పురుషుడు పురుషపాత్రను తమ వయస్సునకు తగినట్లు ధరించుట అనురూప. బాలుడు వృద్ధునిగను, వృద్ధుడు బాలునిగను నటించుట విరూప. పురుషుడు స్త్రీభావమును పూనుట రూపానుసారిణి. కూచిపూడి భామాకలాపమున సత్యభామ వేషమును పురుషులు ధరించుట ఈ మూడవదానికి తెలుగువారెల్లరు నెఱిగిన నిదర్శనము. ‘మాయాబజార్’ నృత్యములను కూర్చిన పసుమర్తి కృష్ణమూర్తి ఆ కూచిపూడి సంప్రదాయమునకు చెందినవాడే. భామవేషమున పురుషుడు తన పురుషత్వము పొడకట్టకుండ నటించుట కౌశలము. ఇచ్చట సంప్రదాయము తలక్రిందయినది. నటి తనకు సహజమైన సౌకుమార్యమునే అరువు తెచ్చుకొన్నదానివలె ప్రదర్శింపవలెను. అది నడుమనడుమ జారిపోవుచుండవలెను.

హాస్యము శృంగారమునుండి పుట్టుననియు, శృంగారానుకరణమే హాస్యమనియు భరతుని మతము. పెండ్లికూతురి సిగ్గు, మురిపెము, ఓరచూపు శృంగారసామగ్రి. వానిని రాక్షసుడు అనుకరించుటచే అవియే హాస్యసామగ్రి యగుచున్నవి. ఈ సూత్రము తెరపై ఇంత స్పష్టముగా రూపొందిన సందర్భము లరుదు.

ఇక నిర్మాణ విధానము. పాటను ముందుగా ధ్వనిముద్రణము చేసి, దానికి అనుగుణముగా అభినయమును చిత్రించుట నాటికే స్థిరపడిన పద్ధతి. ఈ గీతమునకు పింగళి నాగేంద్రరావు రచన, ఘంటసాల సంగీతము. కన్యకు పి. సుశీల గళమును, లోనున్న రాక్షసునకు ఘంటసాల గళమును ఉపయోగించిరి. ఒకే నోట రెండు గొంతులు పలుకవలసియుండుటచే గొంతు మారిన లయలోనే దేహమును మారవలెను. దేహము ముందు మారినచో ప్రేక్షకుడు చమత్కారమును ముందే ఊహించును. వెనుక మారినచో అది పొరపాటుగా తోచును. ఇట్టి పొందికకు దర్శకుని క్రమశిక్షణ తోడ్పడెను. చిత్రీకరణమునకు పూర్వమే రచనను సంపూర్ణముగా సిద్ధపఱచుకొని, సన్నివేశముల నిడివిని గడియారముతో లెక్కించుట కె. వి. రెడ్డి అలవాటు.

ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే కెమెరా మాయలకు ప్రసిద్ధుడు. పెండ్లిపీటలపై లక్ష్మణకుమారుడగు రేలంగిని బెదరించునపుడు ఆ మాయలు అక్కరకు వచ్చినవి. నృత్యమునందు మాత్రము మార్పు నంతయు నటి నడకయు, భుజములును, కనుబొమలును సాధించినవి. యంత్రము చేయగలదానిని దేహమునకు విడిచిపెట్టుటలోనే ఈ ఘట్టపు బలమున్నది.

ఈ బలమును పరీక్షించుటకు అరవ చిత్రము సహాయపడును. తెలుగుతోపాటు నిర్మితమై 1957 ఏప్రిల్ 12న విడుదలయిన ఆ చిత్రమున అభిమన్యుడుగా జెమినీ గణేశన్, లక్ష్మణకుమారుడుగా తంగవేలు నటించిరి. సావిత్రియు, రంగారావును మాత్రము రెండింటను నిలిచిరి. నృత్యమందలి ఆంగికాభినయము భాష మారినను చెడలేదు. పింగళివారి పదసృష్టి సంగతి వేఱు. కంబళిని అనుసరించి ‘గింబళి’, తల్పమును అనుసరించి ‘గిల్పము’ పుట్టుటలోని చమత్కారము మూలపదముల నెఱిగినవారికే తెలియును. ‘అసమదీయులు’ అనుమాట వినినంతనే నవ్వు వచ్చుటకు ‘అస్మదీయ’ శబ్దము పరిచితమై యుండవలెను.

కావున ఖుర్సీపార్ వంటి చోట ఈ పాఠమును మూడు మెట్లుగా నడపవచ్చును. తొలుత ధ్వని లేకుండ నృత్యమును చూపి, కన్య ఎచ్చట మఱుగుపడి రాక్షసుడు పొడకట్టెనో గుర్తింపుమనవలెను. పిదప ధ్వనితో చూపి ఆ గుర్తులను సరిచూడవలెను. చివరకు గింబళి, గిల్పములను పలకపై వ్రాయించి, వానికి మూలమైన మాటలను విద్యార్థులచే ఇంటి పెద్దల నడిగించి తెప్పింపవలెను. మొదటి మెట్టున తెలుగు రానివాడును నవ్వును. మూడవ మెట్టున నవ్వుటకు తెలుగు కావలెను. మొదటి నవ్వుతో తృప్తిపడినచో చిత్రము మిగులును గాని భాష మిగులదు. ఆ రెండు నవ్వుల నడుమ దూరమును దాటించుటయే ప్రవాసాంధ్ర విద్యార్థుల ఉపాధ్యాయునకు గల పని.