కొండల్లో మ్యాపు పనికి వెళ్లేవాళ్లకు

జీఐఎస్ నేర్చుకున్న పిల్లలు హైదరాబాద్ ఉద్యోగం వస్తే ఎగిరి గంతేస్తారు. అదే పని పాడేరులోనో చింతపల్లిలోనో అంటే వెనకాడతారు. వెనకాడకండి. మన చదువు ఎవరికి పనికొస్తోందో కళ్లారా కనిపించే చోటు అది. కాకపోతే పల్లంలో నేర్చుకున్న పద్ధతులన్నీ అక్కడ పనికిరావు.

అల్లూరి సీతారామరాజు జిల్లాలో మీరు గీసే గీతల్లో చాలావరకు పోడు భూముల హద్దులే. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం, 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉన్న భూమికి ఆదివాసీ కుటుంబం హక్కు కోరవచ్చు, నాలుగు హెక్టార్లకు మించకుండా. మీరు కొలిచిందే పట్టాలోకి ఎక్కుతుంది. తప్పు కొలిస్తే అదీ ఎక్కుతుంది.

ఫోనులోని జీపీఎస్ ఆకాశం తేటగా కనిపించే చోట కూడా ఐదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. చెట్ల కింద, ఇరుకు లోయల్లో ఇంకా ఎక్కువ. అరెకరం చేను నలుచదరంగా ఉంటే ఒక్కో పక్క 45 మీటర్లు. హద్దు నాలుగు వైపులా ఐదేసి మీటర్లు లోపలికి జరిగిందనుకోండి, మ్యాపులో మిగిలేది 30 సెంట్లు. ఇరవై సెంట్లు గాలికి పోయినట్టే. అందుకే ప్రతి మూలలో కాసేపు ఆగి సగటు తీసుకోండి. హద్దు వెంట రెండుసార్లు నడవండి. రైతు ముందు నడవాలి, మీరు వెనక.

వాలు సంగతి మరీ ముఖ్యం. మ్యాపు లెక్కగట్టేది బల్లపరుపు విస్తీర్ణం. 30 డిగ్రీల వాలు మీద పరిచిన వంద మీటర్ల తాడు మ్యాపులో 87 మీటర్లే అవుతుంది. తన అడుగులతో కొలుచుకున్న రైతుకు మీ లెక్క తక్కువొస్తే భూమి కాజేశారని అనుమానం వస్తుంది, రావడం న్యాయమే. ముందే అదే చేలో తాడును వాలు వెంట ఒకసారి, నేలకు సమంగా ఒకసారి పట్టి చూపించండి. పది నిమిషాల పని అది.

ఉపగ్రహ చిత్రాన్ని గుడ్డిగా నమ్మొద్దు. ఉచితంగా దొరికే సెంటినల్-2 చిత్రంలో ఒక్క పిక్సెల్ అంటే నేల మీద పది మీటర్ల చదరం, అంటే దాదాపు రెండున్నర సెంట్లు. పైగా సిల్వర్ ఓక్ నీడలో పెరిగే కాఫీ తోట పైనుంచి అడవిలాగే కనిపిస్తుంది. బీడు వదిలిన పోడూ అంతే. చిత్రంలో పచ్చగా ఉందని అధికారులు హక్కు దరఖాస్తును కొట్టేయబోతే మీరు నోరు విప్పాలి. ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడు మాత్రమేనని, వాటికి బదులు కాదని 2012లో సవరించిన నిబంధనల్లోనే ఉంది. ఆ నిబంధనల కాపీ ఒకటి సంచిలో పెట్టుకోండి.

సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి. క్యూజీఐఎస్‌లో మ్యాపు తయారుచేసుకుని ఫోనులోని క్యూఫీల్డ్ యాప్‌లోకి ఎక్కించుకుంటే నెట్ లేకుండానే పని నడుస్తుంది. రెండూ ఉచితమే. అక్కడివాళ్లు మాట్లాడే ఆదివాసీ ఒడియాలోనో కువిలోనో నాలుగు మాటలు కూడా నేర్చుకోండి.

ఇక ఉద్యోగ భద్రత. ఈ పనులు ఎక్కువగా కాంట్రాక్టువే, పథకం ముగిస్తే జీతమూ ఆగుతుంది. వానాకాలంలో మబ్బులకు చిత్రాలు దొరకవు, దారులూ బురదే. ఆ నెలల్లో పైథాన్, పోస్ట్‌జీఐఎస్ సాధన చేయండి. మబ్బుల్లోంచి చూడగల సెంటినల్-1 రాడార్ చిత్రాలు చదవడం నేర్చుకోండి. రోగులను డోలీలో మోసే కాలిబాటలు, గెడ్డలు (వాగులు) దాటే చోట్లు గుర్తించి పెట్టుకుంటే రోడ్ల పనిలోనూ, ఆరోగ్య శాఖ పనిలోనూ మీ అవసరం పడుతుంది. చేసిన పని నమూనాలు దాచుకోండి, జనం పేర్లూ సర్వే వివరాలూ తీసేసి.

ఒక్క పని మాత్రం మానకండి. మ్యాపు ఆఫీసుకు పంపేముందు గ్రామసభలో నేల మీద పరచండి. గెడ్డ పేరు తప్పు రాశారని ఏ ముసలావిడో వేలు పెట్టి చూపిస్తే, ఆమె ముందే దిద్దండి.