బండి నంబరు చూడనిదే కదలరాదు

చిరంజీవి మనుమరాలికి జేజినాయన, జేజి దీవెనలు.

మోటారు వాహనం సైకిలును తాకినప్పుడు జరిగే నష్టాన్ని రెండు భాగాలుగా చూడవలసి ఉంటుంది. తాకిన క్షణంలో ఒంటికి, సైకిలుకు జరిగేది మొదటిది కాగా, ఆ తరువాతి పావుగంటలో పడినవారు చేసే పనుల వల్లనో చేయని పనుల వల్లనో జరిగేది రెండవది. మొదటిదానిలో సైకిలు తొక్కేవారి చేతిలో ఉన్నది చాలా కొద్ది. రెండవది మాత్రం చాలా వరకు వారి చేతిలోనే ఉంటుంది, అయినా ఎక్కువమంది అక్కడే నష్టపోతున్నారు.

పోయిన వారం మనుమరాలి నుంచి అందిన ఉత్తరంలో, జమ్మలమడుగు రోడ్డులో కారు అద్దం హ్యాండిలుకు తగిలి పడిపోవడం, మోచెయ్యి గీసుకుపోవడం, కారు నడిపిన మనిషి దిగివచ్చేలోపే బట్టలు దులుపుకుని, తప్పు తనదేనేమో అనుకుని గదికి వచ్చేయడం మూడు వాక్యాల్లో ముగిసి, నాలుగో వాక్యంలో పరీక్షల సంగతి మొదలయింది. ఆ మూడు వాక్యాలనే జేజి మళ్లీ మళ్లీ చదివించుకుంది. గాయానికి మందు రాసిందో లేదో అన్నది ఆమె దిగులు. తల నేలకు తగిలిందో లేదో అన్నది జేజినాయన దిగులు. చిన్న జేజినాయన సంగతి ఈ ఇంట్లో ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు గనుక ఇక్కడ రాయడం లేదు. ఆయన కూడా సైకిలు మీదనుంచి పడిన ఆ సాయంత్రం లేచి, బట్టలు దులుపుకునే ఇంటికి వచ్చాడు.

తలకు దెబ్బ తగిలినప్పుడు పుర్రెకు, మెదడును కప్పి ఉండే గట్టి పొరకు నడుమ రక్తనాళం చిట్లి నెత్తురు చేరడాన్ని వైద్యులు ఎక్స్‌ట్రాడ్యూరల్ హెమటోమా అంటారు. ఈ స్థితిలో కొందరు మొదట కాసేపు స్పృహ తప్పినా వెంటనే తేరుకుని, మామూలుగా మాట్లాడి, నడిచి, అన్నం కూడా తిని, కొన్ని గంటల తరువాత తలనొప్పి, వాంతులు, మగతతో కుప్పకూలిపోతారు. తెలివి చక్కగా ఉండే ఆ నడిమి వ్యవధికే లూసిడ్ ఇంటర్వల్ అని పేరు. అలాగే హ్యాండిలు కొన పొట్టలో గట్టిగా పొడుచుకుంటే, చర్మం మీద చిన్న కమిలిన గుర్తు మాత్రమే కనిపిస్తున్నా, లోపల కాలేయమో ప్లీహమో దెబ్బతిని ఉండవచ్చు. లేచి నిలబడగలిగినంత మాత్రాన ఒంటికి ఏమీ కాలేదని అనుకోవడానికి వీలులేదు. అమ్మీ, తలనొప్పి గాని, డొక్కలో నొప్పి గాని ఏమాత్రం ఉన్నా ఈ ఉత్తరం మిగతా భాగం చదవడం ఆపి ముందు ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక ఢీకొనడం ఎలా జరుగుతుందన్నది. కర్నూలు నుంచి కడపకు పోయే 40వ నంబరు జాతీయ రహదారి, నెల్లూరు నుంచి బద్వేలు మీదుగా వచ్చి ప్రొద్దుటూరు వైపు సాగే 67వ నంబరు జాతీయ రహదారి మైదుకూరులో కలుస్తాయి. ఎర్రగుంట్ల చుట్టుపట్ల నుంచి సిమెంటు, నాపరాయి, పులివెందుల వైపు నుంచి అరటి గెలలు, బళ్లారి దిక్కు నుంచి కృష్ణపట్నం రేవుకు చేరే సరుకు, అన్నీ ఈ ప్రాంతపు రోడ్ల మీదే తిరుగుతాయి. ఈ బండ్ల మధ్య సైకిలుకు మిగిలేది తారు అంచున మూరెడు చోటు మాత్రమే. వరికోతల కాలంలో చాపాడు, దువ్వూరు వైపు కె.సి. కెనాల్ ఆయకట్టు వడ్లను ఆ అంచు మీదే ఆరబోసి, బండ్లు తొక్కకుండా చుట్టూ రాళ్లు పేరుస్తారు. రైతుకు వేరే కళ్లం లేక చేసే పని అది, అయినా ఆ రాళ్లను తప్పించుకోవడానికి సైకిలు లోపలికి జరిగే చోటే వెనకనుంచి వచ్చే లారీ కూడా దాటాలని చూస్తుంది. నాలుగు వరుసల రోడ్డు మీద చిక్కు మరో రకంది: డివైడరు మధ్య సందు చాలా దూరంలో ఉండడం వల్ల పొలానికి పోయేవారు ఎదురు దిశలోనే సైకిలు నడుపుతారు, అప్పుడు రెండు వాహనాల వేగాలూ కలిసి ఎదురుపడతాయి.

పక్కనుంచి రాసుకుపోయే దెబ్బ మరొకటి, ఈ ఉత్తరానికి కారణమైనదీ అదే. పెద్ద లారీ దాటేటప్పుడు దాని ముందు భాగం నెట్టే గాలి సైకిలును మొదట బయటికి తోస్తుంది, ఆ వెంటనే లారీ పక్క భాగంలో గాలి ఒత్తిడి తగ్గి సైకిలును లోపలికి లాగినట్లవుతుంది. తొక్కేవారు మొదటి తోపును ఆపడానికి హ్యాండిలును లోపలికి తిప్పి ఉంటారు గనుక రెండవ లాగుడు మరింత ప్రమాదకరమవుతుంది. తారు అంచు దిగి మట్టి మార్జిన్‌లోకి పోయిన చక్రం మళ్లీ ఏటవాలుగా పైకెక్కబోతే అంచుకు రాసుకుని జారిపోతుంది. వేగం తగ్గించి, అడ్డంగా తిప్పి ఎక్కించాలి, లేదా దిగి ఎత్తి పెట్టుకోవాలి. బ్రిటన్ 2022లో తన రోడ్డు నియమావళిని సవరించి, గంటకు 48 కిలోమీటర్ల లోపు వేగంతో పోయే వాహనం కూడా సైకిలును దాటేటప్పుడు కనీసం ఒకటిన్నర మీటరు ఎడం విడవాలని చెప్పింది. ఆ ఎడం ఎంత అవసరమో వేగాన్ని చూస్తే అర్థమవుతుంది: గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బస్సు, డ్రైవరు బ్రేకు తొక్కాలని తలచే ఒక్క సెకనులోనే సుమారు 17 మీటర్లు సాగిపోతుంది, 30 నుంచి 60కి వేగం రెట్టింపయితే దెబ్బలోని శక్తి నాలుగింతలవుతుంది.

జేజినాయన ప్రాయంలో ఉన్న రోజుల్లో సైకిలుకు పన్ను ఉండేది. పంచాయతీకి డబ్బు కట్టి, ఇచ్చిన నంబరు బిళ్ళను హ్యాండిలు కింద బిగించుకోవలసి ఉండేది. బిళ్ళ లేకపోయినా, రాత్రిపూట దీపం లేకపోయినా, డబుల్స్ తొక్కినా పట్టుకుని టైరులో గాలి తీసేవారు. గంటకింత అని అద్దెకు తెచ్చిన సైకిళ్ల మీద మైదుకూరు కుర్రవాళ్లు ప్రొద్దుటూరుకు రెండో ఆట సినిమాకు పోయి, తెల్లవారుజామున తిరిగి వచ్చేవారు. వెనుక చక్రానికి రాసుకుని తిరిగే డైనమో నుంచి దీపానికి కరెంటు వచ్చేది గనుక, ఎదురుగాలికి సైకిలు నెమ్మదించినకొద్దీ దీపం కూడా సన్నగిల్లి, ఆగితే ఆరిపోయేది. అంటే లారీకి సైకిలు కనిపించవలసిన వేళకే సైకిలు కనిపించకుండా పోయేది. చాపాడు దాటాక అందరూ గొంతెత్తి పాడుకుంటూ రావడం పాట మీద ప్రేమ కొద్దీ మాత్రమే కాదు, వెనకవాడు ఎక్కడున్నాడో తెలియడానికి కూడా. ఆ రోజుల్లో నంబరు సైకిలుకు ఉండేది, దాన్ని ప్రభుత్వం చూసేది. నేడు సైకిలుకు ఏ నంబరూ లేదు, మోటారు బండికి మాత్రమే ఉంది, దాన్ని చూడవలసినవారు సైకిలు మీద ఉన్నవారే.

ఈ నంబరు విషయం ఇంట్లో అందరికీ విసుగు పుట్టించిందని జేజినాయనకు తెలుసు, అయినా దీన్ని పూర్తిగా రాయక తప్పదు. పూర్వం కడప జిల్లా బండ్లకు ఏపీ 04, అనంతపురానికి 02, కర్నూలుకు 21, నెల్లూరుకు 26 అని ఉండేవి గనుక, మొదటి అంకెలు కంటపడినా బండి ఏ దిక్కుదో తెలిసేది. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే ఒకే వరుస ప్రారంభించడంతో మొదటి అంకెల వల్ల ఉపయోగం పోయింది, అందువల్ల చివరి నాలుగు అంకెలను ముందు చదవాలి, ఆ తరువాత వాటికి ముందున్న అక్షరాలను, ఆ తరువాతనే మిగతా వాటిని చూడాలి. పలక పసుపుదైతే అద్దెకు గాని సరుకుకు గాని తిరిగే బండి, తెల్లదైతే సొంత బండి అని ఆ ఒక్క చూపులోనే తెలుస్తుంది. ట్రాక్టరు విషయంలో ఇంజనుకు ఒక నంబరు, వెనుక ట్రాలీకి వేరొక నంబరు ఉంటాయి. ట్రాలీ తగిలినప్పుడు రెండూ కావాలి. బండల లారీల వెనుక పలక చాలాసార్లు దుమ్ము కప్పి ఉంటుంది గనుక, అది దాటిపోకముందే ముందు పలకను చూసే అలవాటు చేసుకోవాలి. చదివిన అంకెలను మనసులో పెట్టుకోకుండా గట్టిగా పైకి పలకాలి, పలికినవి పక్కనున్న టీ అంగడివారి చెవిన పడతాయి, ఒకరు మరిచినా మరొకరికి గుర్తుంటాయి. సెల్‌ఫోను పడి పగిలిపోవచ్చు గనుక పుస్తకాల సంచిలో చిన్న కాగితం, పెన్సిలు ఎప్పుడూ ఉండాలి.

చట్టం ఇచ్చే రక్షణ అంతా ఈ నంబరు నుంచే మొదలవుతుంది. 1988 మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను ప్రకారం, ప్రమాదం చేసిన డ్రైవరు గాయపడినవారికి వైద్యం అందేలా చూడడం, పోలీసులకు సమాచారం ఇవ్వడం విధి. ప్రతి మోటారు బండికీ మూడో పక్షపు బీమా, అంటే బండి వల్ల ఇతరులకు జరిగే నష్టాన్ని భరించే బీమా, తప్పనిసరి. 164వ సెక్షను కింద, తప్పు ఎవరిదని తేల్చకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షల పరిహారం అడగవచ్చు. అంతకు మించి కోరేవారు 166వ సెక్షను కింద ప్రమాద పరిహార ట్రిబ్యునలుకు వెళ్లాలి, 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ దానికి ఆరు నెలల గడువు పెట్టింది. నంబరు తెలియకుండా బండి పారిపోతే దక్కేది మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు మాత్రమే. ఆసుపత్రిలో ఇది రోడ్డు ప్రమాదమని ముందే చెప్పి, మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు కబురు అందే కేసుగా, నమోదు చేయించాలి. జారిపడ్డానని సిగ్గుపడి చెప్పిన ఒక్క మాట ఆ కాగితంలోకి ఎక్కితే తరువాత ఏ వకీలూ దాన్ని తేలిగ్గా చెరపలేడు. రోడ్డు పక్కన చేయి అందించేవారు సాక్ష్యానికి భయపడి తప్పుకోవడం ఒకప్పుడు ఉండేది. 2016లో సుప్రీంకోర్టు ఆమోదించిన మార్గదర్శకాలు, ఆ తరువాత వచ్చిన 134ఎ సెక్షను అలాంటివారికి రక్షణ ఇస్తున్నాయి గనుక ధైర్యంగా సాయం అడగవచ్చు.

తప్పు తనదేనేమో అన్న అనుమానాన్ని పడినవారే రోడ్డు మీద తేల్చవలసిన పని లేదు. ఫ్రాన్సులో 1985 నాటి బాదింటేర్ చట్టం, మోటారు బండి తగిలి గాయపడిన పాదచారులకు, సైకిలిస్టులకు వారి చిన్న పొరపాట్లను ఎంచకుండా ఒంటికి జరిగిన నష్టానికి పరిహారం ఇప్పిస్తుంది. టన్నుల బరువున్న యంత్రాన్ని నడిపేవారి మీద బాధ్యత ఎక్కువ ఉండాలన్నది దాని వెనుక ఉన్న న్యాయం. ఐదు వందల రూపాయలు చేతిలో పెట్టి అక్కడికక్కడే రాజీ చేసే పెద్దమనుషులు ప్రతి కూడలిలోనూ ఉంటారు, వారిలో చాలామంది మంచివారే, అయినా వారి పంచాయితీకి ఎక్స్‌రే కనిపించదు.

పడిన సంగతిని రాసి ఉంచడం వల్ల మరో మేలు కూడా ఉంది. 1896 మే 30న న్యూయార్కులో హెన్రీ వెల్స్ నడుపుతున్న డ్యూర్యే మోటారు బండి ఎవెలిన్ థామస్ అనే యువతి సైకిలును ఢీకొని, ఆమె కాలు విరిగింది; అమెరికాలో మోటారు బండి చేసిన తొలి ప్రమాదంగా దీన్ని చెప్పుకుంటారు. వెల్స్‌ను పోలీసులు ఆ రాత్రి నిర్బంధించారు, పత్రికలు రాశాయి, అందువల్లనే ఇన్నేళ్ల తరువాత కూడా ఆ యువతి పేరు తెలుస్తున్నది. నెదర్లాండ్స్‌లో 1971లో రోడ్డు ప్రమాదాల్లో దాదాపు 3,300 మంది చనిపోగా, వారిలో 400 మందికి పైగా పిల్లలు. ఆ లెక్క చేతిలో పట్టుకునే తల్లిదండ్రులు పిల్లల హత్యలు ఆపండి అంటూ వీధుల్లోకి వచ్చారు, నేడు లోకం మెచ్చుకునే అక్కడి సైకిలు దారులకు ఆ ఉద్యమం ఒక ముఖ్య కారణం. భారతదేశంలో 2022లో రోడ్ల మీద మరణించిన 1,68,491 మందిలో సైకిలు తొక్కేవారు సుమారు మూడు శాతం; అది చావుల లెక్క మాత్రమే, లేచి దులుపుకుని వెళ్లిపోయినవారు ఏ లెక్కలోనూ లేరు. బడికొస్తా పథకం కింద ప్రభుత్వ బడుల ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చినప్పుడు మైదుకూరు చుట్టుపట్ల పల్లెల నుంచి ముగ్గురు నలుగురు కలిసి తొక్కుకుంటూ వచ్చేవారు. వారి కోసం రోడ్డు అంచు వెడల్పు చేయమని అడగాలంటే ఏ మలుపులో ఎందరు పడ్డారో ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.

సైకిలు మానవలసిన అవసరం లేదు, తల్లీ. ఆ సైకిలు కొనిచ్చిన రోజు జేజి ముఖం ఎంత వెలిగిందో చూసినవారెవరూ ఆ మాట అనరు. వెనుక మడ్‌గార్డుకు ఎర్ర రిఫ్లెక్టరు, చీకటి వేళల్లో బ్యాటరీతో వెలిగే ఎర్ర దీపం పెట్టించుకోవాలి. పడిన సైకిలును మెకానిక్‌కు చూపించేటప్పుడు రిమ్ముకు బెండు తీయించడంతో సరిపెట్టక, ముందు ఫోర్కును తప్పక చూడమనాలి, సన్నని చీలిక పైకి కనిపించకుండా ఉండి మరోనాడు విరగవచ్చు. ఖాతాలో డబ్బు వేయడం జరిగింది. అది ఎక్స్‌రేకే గాని పుస్తకాలకు కాదు.

కారు రంగు, ఏ వైపు అద్దం తగిలింది, ఎన్ని గంటలకు, ఏ అంగడి ఎదుట, అంకెల్లో గుర్తున్న ఒక్కటైనా, ఇవన్నీ ఈ రాత్రే కాగితం మీద రాసి ఉంచాలి. ఆ అంగడివారికి సీసీ కెమెరా ఉంటే పాత దృశ్యాలు చెరిగిపోకముందే చూపించమని అడగాలి. ఆదివారం మొదటి బస్సుకు జేజినాయన ప్రొద్దుటూరు వస్తాడు. ముందు ఆసుపత్రికి, అక్కడి కాగితాలు తీసుకుని తరువాత స్టేషనుకు ఇద్దరూ కలిసి వెళ్లవచ్చు.

ఇట్లు,
జేజినాయన
మైదుకూరు