ఇంజనీరు పట్టా, ఇంజనీరు వృత్తి

ఇంజనీరు పట్టా చేతికి వచ్చినంతనే చదువు ముగిసినదని తలిదండ్రులును, ఉద్యోగము దొరికినంతనే జీవితము స్థిరపడినదని పిల్లలును తలచుట కద్దు. పట్టా అంగడికి పెట్టుబడి వంటిది మాత్రమే. పెట్టుబడి ఎంత యున్నను, ఏ సరుకు తేవలెనో, ఎవరితో ఎట్లు మాటలాడవలెనో తెలియనిచో అంగడి నిలువదు. ఇంజనీరుకును లెక్కలు, యంత్రజ్ఞానము గాక మరి రెండు కావలెను. ఒకటి, తన వృత్తిని ముందుచూపుతో నడుపుకొనుట. రెండు, తనకు తెలిసినదానిని ఎదుటివారికి చేర్చుట.

ముందుచూపు

మొదటిదానికి మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి జీవితము మంచి పాఠము. వారి పూర్వులది ఆంధ్రదేశమందలి మోక్షగుండము. వారు పుట్టినది మైసూరు సీమలోని ముద్దేనహళ్ళి. బెంగుళూరులో పిల్లలకు పాఠములు చెప్పుకొనుచు చదివి 1881లో బి.ఏ. పట్టా పొందిరి. పిదప మైసూరు ప్రభుత్వపు విద్యార్థివేతనముతో పూనాలో ఇంజనీరింగు చదివి, 1884లో బొంబాయి ప్రభుత్వ పబ్లిక్ వర్క్సు శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా చేరిరి.

ఆ కొలువులో వారు నీటి పనులలో ప్రత్యేకముగా ఆరితేరిరి. సుక్కూరు పట్టణమునకు మంచినీరు తెచ్చిరి. 1903లో పూనా దగ్గరి ఖడక్‌వాస్లా జలాశయమునకు, వరదకు తమంత తామే తెరచుకొని మూసుకొను తలుపులు అమర్చిరి. 1908లో ఆ ఉద్యోగమును తామే విడిచిరి. అది తొందరపాటు కాదు. ఇరువది నాలుగేండ్లలో సంపాదించిన విద్య వారి వెంట నుండెను. అదే ఏడు సెప్టెంబరులో మూసీనది వరద హైదరాబాదును ముంచగా, నిజాము ప్రభుత్వము వారిని పిలిచెను. నదికి ఎగువను జలాశయములు కట్టి వరదను నిలుపవలెనని వారు సూచించిరి. 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియయ్యెను. వారు 1909లో మైసూరు చీఫ్ ఇంజనీరు, 1912లో దివాను అయిరి.

దీపావళికి వర్తకుడు సరుకు లెక్క చూచుకొనునట్లు, ఇంజనీరును ఏటికొకసారి తన లెక్క చూచుకొనవలెను. జీతము ఎంత పెరిగినదని మాత్రమే కాక, నిరుటికి రాని పని ఏది ఈ ఏడు చేతికి వచ్చినదని ప్రశ్నించుకొనవలెను. జీతము యజమాని చేతిలోనిది. వచ్చిన పని తన చేతిలోనిది.

మాట చేరుట

రెండవ గుణము లేనిచో ఏమగునో క్విబెక్ వంతెన చెప్పును. కెనడాలో సెంట్ లారెన్సు నదిపై కట్టుచున్న ఆ వంతెన 1907 ఆగస్టు 29న కూలి 75 మంది పనివారు మరణించిరి. వంతెన అసలు బరువు లెక్కలో వేసినదానికంటె చాల హెచ్చు. బరువు మోయు ఉక్కు భాగములు బలహీనమైనవి. అయినను ప్రమాదము చెప్పకుండ రాలేదు. ఆ ఉక్కు వంగుచున్నదని పనిచోటి యువ ఇంజనీరు ముందే కొలిచి చూచెను. అవి నిలబెట్టుటకు ముందే వంగియున్నవని కొందరు వాదించిరి. ఉత్తరములు నడిచినవి, పనియు నడిచినది. తుదకు అతడు న్యూయార్కులోని సలహా ఇంజనీరు కడకు స్వయముగా పోయి చెప్పెను. ఇక బరువు ఎక్కింపవలదని ఆయన తంతి ఇచ్చెను. కాని ఆ తంతి పోయినది వంతెన కడకు గాదు, పెన్సిల్వేనియాలోని కంపెనీ కార్యాలయమునకు. ఆ సాయంత్రమే వంతెన కూలెను.

కొలత సరియైనదే; చేరవలసినవారికి వేళకు చేరలేదు. కనుక అపాయము చూచినవాడు చూచినదేమి, దానివలన కీడేమి, ఎవరు ఏ వేళలోగా ఏమి చేయవలెను అను మూడును మొదటి పంక్తులలోనే వ్రాయవలెను. పని ఆపగలవానికే నేరుగా చెప్పి, అందినదో లేదో విచారించవలెను. నేడు కంప్యూటరు ముందు కూర్చుండువారికిని ఇదే నియమము.

అభ్యాసము

ఈ గుణములు పుట్టుకతో రావు, అభ్యాసముచే వచ్చును.

1. వారమునకొకసారి తన పనిని గూర్చి, ఇంజనీరు కానివానికి తెలియునట్లు ఒక పుట వ్రాయవలెను.
2. మేస్త్రి, ఫిట్టరు చెప్పునది అడ్డురాక వినవలెను. చెడ్డ వార్త తెచ్చినవానిని కసరినచో మరల తేడు.
3. తెలియనిదానిని తెలియదని చెప్పి, ఎప్పటికి తెలిసికొని చెప్పునో కూడ చెప్పవలెను.
4. వాదము పనిమీదనే గాని మనిషిమీద సాగరాదు.

ఇంట తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒరియాయో మరాఠీయో మాటలాడుచు పెరిగిన పిల్లలకు ఇందులో ఒక మేలు కలదు. ఎదుటివాని భాషలోనికి తన మాట మార్చి చెప్పుట వారికి చిన్ననాటి అలవాటు. ఆ అలవాటును పనిచోటికి తీసికొని పోవలెను. సెలవులకు ఇంటికి వచ్చిన కుమారుని గాని కుమార్తెను గాని పెద్దలు జీతమెంత అని అడుగుటకు ముందు, నీ పని యేమో మాకు తెలియునట్లు చెప్పుమని అడుగవలెను. అది వారికి మంచి పరీక్ష.